జవాబు కింద తేదీ ఉందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన నెల కొబ్బరి తోటల గురించి రాస్తూ, మన ఊళ్లలో సొసైటీలూ రైతు సంఘాలూ తమకు వచ్చే ప్రశ్నలకు తామే జవాబులు రాసి, అందరూ చూసుకునేలా ఒకచోట పెట్టుకుంటే బాగుంటుందని ఒక మాట అన్నాను. ఆ మాట పట్టుకుని కోనసీమ నుంచీ, అటు పాలకొల్లు, భీమవరం వైపు నుంచీ చాలా ఉత్తరాలొచ్చాయి. అందుకే ఈసారి మందుల ప్రశ్నలు పక్కనపెట్టి ఈ ఉత్తరాలే తీసుకుంటున్నాను. వ్యవసాయ విస్తరణాధికారిగా ఉన్నన్నాళ్లూ నా ఉద్యోగంలో సగం ఇదే పని. రిటైరయ్యాక కూడా మానలేదు కాబట్టి, తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

*

అమ్మా, నేను డిగ్రీ చదివాను. మా నాన్నగారు సభ్యుడిగా ఉన్న కొబ్బరి రైతుల సంఘం వాళ్లు, రైతులు ఫోన్‌లో చూసుకునేలా ప్రశ్నలు–జవాబుల పేజీ ఒకటి పెట్టమని నాకు అప్పగించారు. పేజీ తయారుచెయ్యడం నాకు వచ్చు. అందులో ఏం రాయాలన్నదే టెన్షన్‌గా ఉంది. యూనివర్సిటీ పుస్తకాల్లోంచి ఒక వంద ప్రశ్నలు తీసి పెట్టెయ్యనా?
— ఒక పాఠకురాలు, ఉప్పలగుప్తం మండలం

వద్దమ్మా. పుస్తకంలో ఉన్న ప్రశ్న పుస్తకం రాసినాయన వేసుకున్న ప్రశ్న. మీ ఊరి రైతు దాన్ని ఆ మాటలతో అడగడు, ఆ మాటలతో వెతకడు. ముందు జవాబుల జోలికి పోకుండా ఒక నెలపాటు ప్రశ్నలు మాత్రం పోగుచెయ్యండి. దింపు జరిగే రోజున తోట దగ్గర, కాయ ఒలిచే చోట, సొసైటీ గోడౌన్ దగ్గర ఎరువుల కోసం నిలబడ్డప్పుడు, పొద్దున్న టీ కొట్టు దగ్గర మీ నాన్నగారినీ ఆయన స్నేహితులనూ వినమనండి. విన్న మాట విన్నట్టే రాయాలి. భాష దిద్దకూడదు.

ఎందుకంటున్నానో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒకావిడ అంబాజీపేట దగ్గర్నుంచి కొబ్బరి ఈనెలు న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చారు. "అమ్మా, మా చెట్లకి మసి పట్టిందండి. నల్ల తెగులుకి ఏం కొట్టమంటారు?" అన్నారు. ఆకు పైన నిజంగానే పొయ్యి మీది గిన్నె అడుగులా నల్లగా ఉంది. వేలు పెట్టి రుద్దితే ఊడి వచ్చింది, వేలికి జిగురు అంటింది. అదే కట్టలో ఇంకో ఈనె తిప్పి చూస్తే, అడుగున తెల్లటి మైనం లాంటి పొడి గుండ్రంగా చుట్టలు చుట్టుకుని ఉంది. అది తెల్లదోమ. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర మన దేశంలో మొదటిసారి కనబడి, తర్వాత మన తోటలకూ వచ్చింది. అది పై మట్ట అడుగున కూర్చుని రసం పీలుస్తూ తీపి జిగురు విసర్జిస్తుంది. ఆ జిగురు కింది మట్ట మీద పడి, దాని మీద నల్ల బూజు పెరుగుతుంది. కింద అరటి ఉంటే అరటి ఆకులూ, కోకో ఉంటే కోకో ఆకులూ నల్లబడతాయి. ఆవిడ తెగులు అనుకున్నది ఒకచోట ఉంది, దానికి కారణమైన పురుగు దాని పైనున్న ఆకు కింద ఉంది.

ఇప్పుడు చూడండి. మీరు పేజీలో "సర్పిలాకార తెల్లదోమ – సమగ్ర యాజమాన్యం" అని శీర్షిక పెట్టారనుకోండి. తన చెట్టుకి తెల్లదోమ ఉందని తెలిసినవాళ్లే అది తెరుస్తారు. ఆవిడ తెరవరు. ఆవిడకి కనిపించింది మసి. అందుకని శీర్షిక ఆవిడ మాటల్లోనే ఉండాలి: "కొబ్బరి ఆకులు మసి పట్టినట్టు నల్లబడుతున్నాయి, ఏం చెయ్యాలి?" జవాబు మొదటి వాక్యంలో, ఆకు తిప్పి అడుగున చూడమని చెప్పాలి. రెండో వాక్యంలో పురుగుమందు కొట్టవద్దని చెప్పాలి. ఎందుకు వద్దో కూడా చెప్పాలి. ఆ దోమ మీద బతికే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ లాంటి పురుగు మన తోటల్లో దానంతట అదే పెరుగుతుంది, మందు కొడితే ముందు చచ్చేది అదే. ఆ తర్వాతే మిగిలినవి: ఆకు అడుగుకి తగిలేలా నీళ్లు గట్టిగా పిచికారీ చెయ్యడం, మసి రాలిపోవడానికి ఒక శాతం గంజి ద్రావణం చల్లడం, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో పెంచే మిత్రపురుగుల గుడ్లు తెచ్చుకుని మట్టలకు తగిలించడం. తెల్లదోమ, సర్పిలాకారం, రూగోస్ వంటి పేర్లన్నీ చివర్న ఒక వరుసలో పెట్టండి. ఆ పేరుతో వెతికేవాళ్లకీ దొరుకుతుంది.

ఒక్కో ప్రశ్నకీ ఈపాటి శ్రద్ధ పెడితే నెలకి పది పన్నెండు జవాబులకన్నా ఎక్కువ రావు. అవి చాలు. వంద పెట్టెయ్యాలన్న తొందర వద్దు. పేజీ తెరిచిన రైతుకి తన ప్రశ్న మొదటి రెండుసార్లలో దొరక్కపోతే మూడోసారి తెరవడు, పక్కనున్న మందుల కొట్టుకి వెళ్తాడు.

ప్రశ్న పంపడానికి గూగుల్ ఫారమ్ లాంటిది పెడతారు కదా, అందులో గడులు ఎక్కువ పెట్టకండి. ఊరు, పంట (రకం తెలిస్తే రకం), ఎన్ని రోజులుగా ఉంది, ఇప్పటిదాకా ఏం వేశారు లేదా కొట్టారు, ఫోటో. ఈ అయిదూ చాలు. అందులో "ఇప్పటిదాకా ఏం కొట్టారు" అన్నది ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. చాలా జబ్బులకి మూలం అక్కడే దొరుకుతుంది. ఫోటోలు మూడు అడగండి: ఆకు పైభాగం, ఆకు అడుగు, చెట్టు మొత్తం. పగటి వెలుగులో తియ్యమనండి. రాత్రి టార్చిలైటు వేసి తీసిన ఫోటోలో పసుపేదో ఆకుపచ్చేదో ఎవరూ చెప్పలేరు.

ఇంకో మాట. టైపు చెయ్యడం రానివాళ్లు మీ ఊళ్లో సగం మందికి పైగా ఉంటారు, అందులో ఆడవాళ్లు ఎక్కువ. పశువుల పనీ, పెరటి తోట పనీ వాళ్లదే. వాళ్ల ప్రశ్నలు రాకపోతే మీ పేజీలో సగం వ్యవసాయమే ఉన్నట్టు. వాయిస్ మెసేజ్ పంపితే చాలని పెద్దక్షరాల్లో రాయండి. వాళ్లు మాట్లాడింది మీరు రాసుకోండి. డ్వాక్రా సంఘం మీటింగుకి నెలకోసారి మీరే వెళ్లి కూర్చుంటే ఇంకా మంచిది. అక్కడ వచ్చే ప్రశ్నలు మగవాళ్ల దగ్గర రావు.

*

మేడమ్, మా చుట్టుపక్కల వరి రైతులందరం కలిసి వాట్సాప్‌లో ప్రశ్నలు అడుక్కుంటాం. నేను అడ్మిన్ని. ఎవరైనా ఒక ఫోటో పెడితే పదిమంది పది మందులు చెబుతారు. అందులో ఒకరిద్దరు పురుగుమందుల వ్యాపారులు కూడా ఉన్నారు. ఎవరి మాట ఉంచాలి, ఎవరి మాట తియ్యాలి? తీస్తే గొడవ, తియ్యకపోతే నష్టం.
— ఒక రైతు, పాలకొల్లు

మీ ఇబ్బంది నాకు బాగా అర్థమైంది. ఊళ్లో మొహామొహాలు చూసుకునేవాళ్ల మధ్య "మీ మాట తప్పు" అనడం కష్టం. అందుకే మనుషుల మీద కాకుండా పద్ధతి మీద పట్టు పట్టాలి.

అందరూ మాట్లాడుకునే చోటు వేరు, జవాబులు నిలిచి ఉండే చోటు వేరు అని ముందు విడదీయండి. గ్రూపులో ఎవరైనా ఏమైనా అనొచ్చు, అది మన రావిచెట్టు కింది మాట. కానీ "జవాబు" అని పేరుపెట్టి దాచేదానికి మూడు ఉండాలి: చెప్పినవాళ్ల పేరు, వాళ్లకి అది ఎక్కడి నుంచి తెలిసింది, తేదీ. "మా మావయ్య కొడితే తగ్గింది" అన్నది కూడా పనికొచ్చే సమాచారమే, అలా అని రాస్తే. దాన్ని మార్టేరు వరి పరిశోధన స్థానం సిఫార్సు పక్కన అదే వరసలో కూర్చోబెడితేనే ఇబ్బంది.

మందులమ్మేవాళ్లని తరిమెయ్యకండి. వాళ్లలో బాగా తెలిసినవాళ్లున్నారు, సీజన్లో ఏ పురుగు ఎక్కడ మొదలైందో అందరికన్నా ముందు వాళ్లకే తెలుస్తుంది. అయితే జవాబు చెప్పినప్పుడు పేరు పక్కన "మందుల వ్యాపారి" అని ఉండాలి. కంపెనీ పేరు రాయకూడదు, మందులో ఉన్న రసాయనం పేరే రాయాలి. ఈ రెండు నియమాలకీ ఒప్పుకున్నవాళ్లు నిజంగా సాయం చేద్దామనే ఉన్నవాళ్లు.

మీరు పంపిన ఫోటో సంగతి. దాళ్వా (రెండో పంట) చేను మధ్యలో గుండ్రంగా మాడినట్టు అయింది, చుట్టూ పచ్చగా ఉంది. దాని కింద మీ గ్రూపులో వచ్చిన జవాబుల్లో నాలుగు మందుల పేర్లున్నాయి, ఒక్క ప్రశ్న కూడా లేదు. నాకు ముందుగా బాధనిపించింది అదే. ఏ రకం వేశారు? స్వర్ణ లాంటి దోమని తట్టుకోలేని రకమా? దుబ్బు విడదీసి నీటి మట్టం దగ్గర చూశారా, గోధుమరంగు దోమలు గుంపుగా ఉన్నాయా? చేలో ఎన్నాళ్లుగా నీళ్లు నిలిచి ఉన్నాయి? యూరియా చివరిసారి ఎప్పుడు వేశారు, ఎంత? ఊడ్పప్పుడు కాలిబాటలు వదిలారా?

ఇవి అడగకుండా జవాబు చెప్పకూడదు. అది ఆ గోధుమరంగు దోమే, అంటే సుడిదోమే అయితే, మీ గ్రూపులో ఒకాయన చెప్పిన సైపర్‌మెత్రిన్ కొట్టడం చేజేతులా చేనుని దోమకి అప్పగించడమే. ఆ జాతి మందులు దోమని తినే సాలీళ్లనీ మిరిడ్ నల్లులనీ చంపేస్తాయి, ఆ తర్వాత దోమ ముందుకన్నా ఎక్కువగా తిరగబెడుతుంది. ముందు నీళ్లు తీసెయ్యాలి. యూరియా ఆపాలి. సిఫార్సు చేసిన మందు ఏదైనా సరే, ఆకుల మీద కాదు, దుబ్బు మొదట్లో తడవాలి. వచ్చే సార్వాకి (తొలకరి పంటకి) ప్రతి రెండు మీటర్లకీ 20 సెంటీమీటర్ల బాట వదలాలి. దీన్ని ఒక జవాబుగా రాసి దాచండి. పైన రాసిన ఎదురు ప్రశ్నలు కూడా అందులోనే ఉంచండి. మళ్లీ ఎవరైనా అలాంటి ఫోటో పెడితే గ్రూపులో ముందు ఆ ప్రశ్నలే పెట్టండి.

తెలియనప్పుడు ఏం చెయ్యాలని మీరు అడగలేదు, కానీ అదే ముఖ్యం. "తెలియదు, కనుక్కుని గురువారంలోగా చెబుతాం" అని రాయండి. గురువారం అన్నాక గురువారం చెప్పాలి. అప్పటికీ తెలియకపోతే తెలియలేదనే చెప్పాలి. అడిగినవాళ్లకి ఎదురుచూడ్డం కష్టం కాదండీ, ఎవరూ పట్టించుకోలేదన్నదే కష్టం. కనుక్కోవడానికి చోట్లున్నాయి: వరికి మార్టేరు, కొబ్బరికి అంబాజీపేట, మీ వైపు ఉండి అనే ఊళ్లోని కృషి విజ్ఞాన కేంద్రం. ఏదీ అందకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి తెలుగులోనే అడగొచ్చు, డబ్బులు పడవు. 2004 నుంచీ నడుస్తోంది, మనవాళ్లు వాడుకోవలసినంత వాడుకోవడం లేదు.

*

పాత జవాబులు తీసేస్తే మంచిదా, ఉంచితే మంచిదా? మా సంఘం దగ్గర పదిహేనేళ్ల నుంచి రాసిపెట్టిన నోటుపుస్తకాలున్నాయి. పిల్లలు వాటిని కంప్యూటర్లో ఎక్కిస్తామంటున్నారు.
— సంఘం కార్యదర్శి, రాజోలు

ఎక్కించే ముందు ఒకసారి నా ఈ జవాబు మీ పిల్లలకి చదివి వినిపించండి.

ఆ పుస్తకాల్లో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు పేరు ఉండే ఉంటుంది. ఒకప్పుడు మా శాఖ కరపత్రాల్లోనే ఉండేది. 2011 మేలో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటా ఆపేసింది. కొబ్బరిలో ఆకు తినే నల్లతల పురుగుకి వేరు ద్వారా మోనోక్రోటోఫాస్ ఎక్కించి, 45 రోజుల వరకూ కాయ దింపకూడదని కూడా ఉంటుంది. అదీ ఒకప్పటి సిఫార్సే. 2023లో కేంద్రం ఆ మందుని కూడా నిషేధించింది. రాసినవాళ్లు రాసిననాటికి తప్పేమీ రాయలేదు. ఈరోజు అదే కాగితం తేదీ లేకుండా ఫోన్‌లో కనబడితే, చదివినవాడు కొట్టులో పాత డబ్బా ఉందేమోనని అడుగుతాడు. ఆ డబ్బా ఇచ్చేవాళ్లు కూడా ఎక్కడో దొరుకుతారు. మందు ఎక్కించిన చెట్టు బొండం పసిపిల్లకి తాగిస్తారు. అందుకే ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. తేదీ లేని జవాబు పేజీలో ఉండకూడదు. మందు పేరున్న జవాబుని ఏడాదికోసారి ఎవరో ఒకరు చదివి, "ఫలానా నెలలో సరిచూశాం" అని కింద రాయకపోతే దాన్ని కనబడకుండా పక్కన పెట్టెయ్యాలి.

మందులే కాదు. 2022 ఏప్రిల్ 4 ముందు రాసిన వాటిలో "కాకినాడ కలెక్టరేట్‌లో అర్జీ పెట్టుకోండి" అని ఉంటుంది. ఇప్పుడు మీకు జిల్లా కేంద్రం అమలాపురం. ఏటికి అవతల నరసాపురం, పాలకొల్లు వాళ్లకి ఏలూరు పోయి భీమవరం వచ్చింది. రైతు భరోసా కేంద్రాలు 2024లో రైతు సేవా కేంద్రాలయ్యాయి. ఏడాదికి 13,500 రూపాయల రైతు భరోసా పోయి 20,000 రూపాయల అన్నదాత సుఖీభవ వచ్చింది, అందులో పీఎం కిసాన్ 6,000 కలిసే ఉంది. ఒక ముసలాయన పాత కాగితం పట్టుకుని బస్సెక్కి కాకినాడ దాకా వెళ్లి వస్తే ఆయనకి ఒక రోజు కూలీ, చార్జీలూ దండగ.

మరి అన్నీ పారెయ్యాలా అంటే, వద్దు. ఉప్పునీరు ఎగదన్నినప్పుడు ఏ చేలు దెబ్బతిన్నాయి, ఏ మురుగు కాలువ పూడిపోతే ఎవరి పొలం మునిగింది, ఏ ఏడు కొమ్ము పురుగు ఎక్కువైంది లాంటివి మీ పుస్తకాల్లో తప్ప ఇంకెక్కడా ఉండవు. వాటిని "మన ఊరి పాత సంగతులు" అని వేరుగా, తేదీలతో ఎక్కించండి. పుస్తకాలు మాత్రం ఎక్కించాక కూడా చెదపట్టకుండా దాచండి.

*

మాది కౌలు వ్యవసాయం. మా ఆయన పేరు లేకుండా నేను రాస్తున్నాను. మా ఊళ్లో ప్రశ్నలు అడిగే పేజీలో కౌలు కార్డు గురించి అడిగితే, మా సర్వే నంబరుతో సహా అందరికీ కనిపించేలా పెట్టారు. భూమిగల ఆసామి చూసి మమ్మల్ని పిలిపించారు. ఇలాంటి చోట్ల అడగడమే తప్పా?
— ఒక పాఠకురాలు, పి.గన్నవరం మండలం

అడగడం తప్పు కాదమ్మా. అలా పెట్టడం తప్పు. ఇది చదివే నిర్వాహకులందరికీ చెబుతున్నాను: పంట ప్రశ్నలు వేరు, భూమి, అప్పు, ఆరోగ్యం, ఇంటి గొడవల ప్రశ్నలు వేరు. ఈ రెండో రకానికి పేరు, ఊరు, సర్వే నంబరు, ఫోన్ నంబరు, ఎకరాల లెక్క ఏదీ బయటికి రాకూడదు. అడిగినవాళ్లకి జవాబు విడిగా చెప్పాలి. అందరికీ పనికొస్తుందనుకుంటే ప్రశ్నని మామూలు ప్రశ్నగా మార్చి, అడిగినవాళ్లకి ముందు చూపించి, వాళ్లు సరేనన్నాకే పెట్టాలి. మన ఊళ్లలో "రెండెకరాలు, కాలువ పక్కన, ఈ ఏడాదే తీసుకున్నాం" అంటే చాలు, పేరు అక్కర్లేకుండానే ఎవరో తెలిసిపోతుంది. డెల్టాలో చేలు చేసేవాళ్లలో కౌలుదారులే ఎక్కువ. వాళ్లు భయపడి అడగడం మానేస్తే ఆ పేజీ ఎవరి కోసం?

మీ ప్రశ్నకి జవాబు కూడా అలాగే, మీ వివరాలు లేకుండా ఇస్తున్నాను. 2019లో వచ్చిన చట్టం ప్రకారం కౌలు రైతుకి ఇచ్చేది పంట సాగుదారు హక్కు పత్రం, మనం కౌలు కార్డు అనేది దీన్నే. దాని కాలం 11 నెలలు. అది భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు, పంట మీద మాత్రమే ఇస్తుంది. పంట రుణం, పంట నష్టం సాయం లాంటి వాటికి పనికొస్తుంది. భూయజమాని ఒప్పుకోలు అందులో భాగం, మన ఇబ్బందంతా అక్కడే. ఆసామి భయపడేది భూమి పోతుందేమోనని. ఆ భయానికి చట్టంలో ఆధారం లేదని ఆయనకి మీరు చెబితే వినకపోవచ్చు, రైతు సేవా కేంద్రంలోని సహాయకుడితోనో వీఆర్వోతోనో చెప్పించండి. మీ సర్వే నంబరు ఉన్న ఆ ప్రశ్న తీసెయ్యమని పేజీ నడిపేవాళ్లని ఈరోజే అడగండి. తియ్యకపోతే నాకు మళ్లీ రాయండి.

*

ఒకే ప్రశ్న పదేపదే వస్తోంది. "పైన రాసి ఉంది చూసుకోండి" అంటే కోపం తెచ్చుకుంటున్నారు. విసుగొచ్చేసింది.
— ఒక యువకుడు, మండపేట

పదిమంది అడిగారంటే ఆ జవాబు వాళ్లకి కనబడని చోట ఉందని అర్థం, లేదా చదివినా అర్థం కావడం లేదని అర్థం. పదకొండోవాడికి లింకు పంపే ముందు అతన్నే అడగండి: "ఇది చదివారా? ఎక్కడ ఆగిపోయారు?" అతను చెప్పేదాన్ని బట్టి జవాబు మార్చండి. "ఈ-కేవైసీ పూర్తిచేసుకోవలెను" అన్న వాక్యం చదివి ఏం చెయ్యాలో తెలియనివాళ్లు చాలామంది. "ఆధార్, దానికి కలిపిన ఫోన్ తీసుకుని సచివాలయానికో మీసేవకో వెళ్లండి, వేలిముద్ర వేయించుకుంటారు" అంటే తెలుస్తుంది. ఎక్కువసార్లు వచ్చే అయిదారు ప్రశ్నలు పేజీ పైనే పెట్టండి, సీజన్ని బట్టి మార్చండి. జూన్‌లో నారుమడి, సెప్టెంబరులో దోమ, కోతలప్పుడు ధాన్యం తేమ శాతం.

విసుగు సంగతి వేరు. ఒక్కరే చేస్తే ఎవరికైనా వస్తుంది. ముగ్గురు కలిసి వారాలు పంచుకోండి. రాత్రి తొమ్మిది తర్వాత జవాబులుండవని ముందే రాసిపెట్టండి. పురుగుమందు ఒంట్లోకి వెళ్లిందనో, పాము కరిచిందనో ఎవరైనా రాస్తే మాత్రం వేళ చూడకండి. జవాబు ఒక్కటే: 108. ఇంకేమీ రాయకండి, ఎవరు చెప్పిన చిట్కా ఉన్నా వెంటనే తీసెయ్యండి.

*

ఇలా ప్రశ్నలు అడగడం, జవాబులు అచ్చువెయ్యడం ఎక్కడ మొదలైంది?
— ఒక విద్యార్థిని, భీమవరం

1691లో లండన్‌లో జాన్ డంటన్ అనే పుస్తకాల వ్యాపారి "అథీనియన్ మెర్క్యురీ" అనే పత్రిక పెట్టాడు. అడిగేవాళ్లు పేరు చెప్పనక్కర్లేదు. ఒక కాఫీ హోటలు చిరునామాకి ఉత్తరం రాస్తే చాలు. డంటనూ ఆయన స్నేహితులు కొందరూ కలిసి జవాబులు రాసేవారు. దేవుడి గురించీ, గాలివానల గురించీ, పెళ్లి గురించీ అన్నీ అడిగేవారట. అడిగేవాళ్ల పేర్లు దాచడం అప్పుడే ఉంది చూడండి. ఇక "తరచుగా అడిగే ప్రశ్నలు" అని జాబితాగా ముందే రాసి పెట్టే అలవాటు కంప్యూటర్ల కాలంలోది. 1980ల మొదట్లో నాసాలో పనిచేసే యూజీన్ మియా, కొత్తగా చేరినవాళ్లు అవే ప్రశ్నలు మళ్లీమళ్లీ అడుగుతుంటే, వాటిని జవాబులతో సహా మాటిమాటికీ పంపుతుండేవాడు. మండపేట అబ్బాయికి వచ్చిన ఇబ్బందే ఆయనకీ వచ్చింది.

*

మాది లంక గ్రామం. వరద రోజుల్లో మా గ్రూపులో ప్రశ్నలు వందల్లో వస్తాయి, వాటిలో పాత వీడియోలు, పుకార్లు కలిసిపోతాయి. 2022 జులైలో ఏది నమ్మాలో తెలియక నానా అవస్థా పడ్డాం. ఈసారి ఏం సిద్ధం చేసుకోమంటారు?
— ఒక పాఠకుడు, ముమ్మిడివరం మండలం

వరద వచ్చాక రాయడం కుదరదు, కరెంటు ఉండదు, ఫోన్లో చార్జింగు ఉండదు. ఇప్పుడే రాసి పెట్టుకోండి. మీకు వచ్చే ప్రశ్నలు నిజానికి నాలుగే: నీళ్లు ఎంత వస్తున్నాయి, మన లంకకి ఎప్పుడు తగులుతాయి, పడవ ఎక్కడ, పశువుల్ని ఎక్కడికి తోలాలి.

మొదటిదానికి ధవళేశ్వరం లెక్క ముందే రాసి ఉంచండి. ఆనకట్ట దగ్గర 11.75 అడుగులకి ఒకటో నంబరు హెచ్చరిక, అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు. 13.75 అడుగులకి రెండోది, 13 లక్షలు. 17.75కి మూడోది, 17 లక్షలు. 2022 జులైలో 25 లక్షలు దాటింది, 1986 ఆగస్టులో అంతకన్నా చాలా ఎక్కువ వచ్చింది. ఈ అంకెల పక్కన మీ ఊరి పెద్దవాళ్లని కూర్చోబెట్టి, ఏ హెచ్చరికకి మీ లంకలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో రాయించండి: ఒకటో హెచ్చరికకి కాజ్‌వే మునుగుతుందా, రెండోదానికి ఏ వీధిలోకి వస్తుంది, మూడోదానికి ఎవరి అరుగు మునుగుతుంది. ఈ సంగతి ఏ ఆఫీసులోనూ అంత వివరంగా దొరకదు, మీ దగ్గరే ఉంది. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగుల హెచ్చరికలు కూడా పక్కన రాయండి. అక్కడి నీరు మనదాకా రావడానికి కొంత వ్యవధి ఉంటుంది, సామాను సర్దుకోవడానికి అదే సమయం.

వరద రోజుల్లో తేదీ చాలదు, గంట కూడా రాయాలి. "ఉదయం 6 గంటలకి ధవళేశ్వరం 14.2 అడుగులు, పెరుగుతోంది, విపత్తు నిర్వహణ సంస్థ ప్రకటన" అన్నట్టుండాలి. కొత్త అంకె పెట్టగానే పాతది తీసెయ్యండి. పాత వీడియోలు ఆగకపోతే ఆ నాలుగు రోజులూ అడ్మిన్లు మాత్రమే రాసేలా గ్రూపుని మార్చండి, అడ్మిన్‌కి ఆ వీలుంది. తర్వాత మళ్లీ తెరవొచ్చు. సాయం కోసం 112, రాష్ట్ర కంట్రోల్ రూము 1070 పైనే పెట్టండి.

పడవల సంగతి, పశువుల సంగతి మీ సచివాలయం వాళ్లతో మాట్లాడి రాయాలి. ఏ రేవు, ఏటిగట్టు మీద ఎక్కడ మేత ఇస్తారు, గర్భిణుల్నీ ముసలివాళ్లనీ ముందు ఎవరు తీసుకెళ్తారు. ఇదంతా ఒకే కాగితం మీదకి వచ్చేలా రాసి, ఫోటో తీసి అందరి ఫోన్లలో దాచమనండి, నెట్ లేకపోయినా కనిపిస్తుంది. పది కాపీలు తీయించి బడి, గుడి, చర్చి, రేషన్ షాపు దగ్గర అంటించండి. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలేలోపు ఈ పని అయిపోవాలి. రాశాక ఒక కాపీ నాకు పంపితే, అంకెలు సరిచూసి వెంటనే తిప్పి పంపుతాను.